పన్నెండున్నర

సాయంత్రం ఆరింటికి పిల్లలు చీటీలు తెచ్చిస్తారు,
తడిసినవి, పొలుసులు అంటినవి.
ఒకదాని మీద నెత్తుటి బొటనవేలి ముద్ర.
సంతకం అడగలేదు, అయినా పెట్టాడు.

లోఫోటెన్ దీవుల్లో మార్చి. కిటికీ అవతల
కొయ్య దండేల మీద కాడ్ చేపలు
తోకకి తోక ముడేసి, జంటలుగా, తలలు లేకుండా.
తలలు కొట్టంలో, పిల్లల దగ్గర.
నిలబెట్టిన మేకుకి తల గుచ్చడం,
కత్తితో ఒక్క గీత, నాలుక బకెట్లోకి.
నరం లేనిదంటారు నాలుకని.
ఈ నాలుకలకి కిలో అరవై క్రోనర్లు.

నేను సున్నెవెని, రేవు గుమాస్తాని.
ఇరవై రెండు చలికాలాలుగా వీటి లెక్క కడుతున్నాను,
అప్పట్లో గీతల పుస్తకం, ఇప్పుడు గళ్ల తెర.

ఒక నిలువు వరసలో పేర్లు. పక్కన కిలోలు. ఆ పక్కన ధర.
నాలుగో వరసలో మొదటి గడికి మాత్రం చెప్తాను:
నీ ఎడమపక్క ఇద్దరినీ హెచ్చవెయ్యి.
తర్వాత దాని మూల పట్టుకుని కిందికి లాగితే
మిగతావీ అందుకుంటాయి,
ముందు బల్లవాడు ఎక్కం ఎత్తుకుంటే
వెనక బల్లలు గొంతు కలిపినట్టు.

యూరున్ పద్దెనిమిది. వెయ్యీ ఎనభై.
ఐలో తొమ్మిదున్నర. అయిదువందల డెబ్భై.
తూవా ఇరవై రెండు. పదమూడువందల ఇరవై.
మార్తె గడి ఖాళీ.
వాళ్లమ్మకి పట్నంలో ఉద్యోగం వచ్చింది, క్రిస్మస్ ముందే వెళ్లిపోయారు.
ఖాళీని అరవైతో హెచ్చవేస్తే సున్నా.
హెచ్చవేతకి దయ లేదు. ఒక్క సున్నా తగిలితే చాలు,
ఎంతటి అంకెకైనా సున్నా చుట్టేస్తుంది.
కూడిక అలా కాదు. సున్నా వచ్చి కూర్చుంటే
కాస్త జరిగి చోటిస్తుంది, ఏమీ అడగదు.
అందుకే మార్తె వరస ఇంకా తీసెయ్యలేదు.

అడుగున మొత్తం కట్టమన్నాను.
గడి నిండా కంచె గుర్తులు,
చిరిగిన వలని చుట్టి మూల పడేసినట్టు.
అంకె ఇందులో పట్టదట.
వరస అంచు పట్టి జరిపాను. ఇంకొంచెం. ఇంకొంచెం.
ఇరవై ఏడు లక్షల యాభై వేల మూడువందల పది.

నలుగురు పిల్లలు, ఒక్క రోజు, నాలుకలు!

పైకి వెతుక్కుంటూ పోతే వేలు ఐలెర్ట్ దగ్గర ఆగింది.
పన్నెండున్నర రాసి, మధ్యలో చుక్క పెట్టాడు.
వాడు పెట్టినట్టే నేనూ కొట్టాను.
మా దగ్గర దశాంశానికి కామా. చుక్క కనబడితే
యంత్రం తేదీ అనుకుంటుంది.
పన్నెండున్నర కిలోలు మే పన్నెండు అయి కూర్చున్నాయి.
పైకి తేదీయే. లోపల మాత్రం, ఏనాటి నుంచో
ఒక్కటీ వదలకుండా పోగేసుకున్న రోజులు,
నలభై అయిదు వేల పైచిలుకు.
వాటన్నిటికీ అరవై చొప్పున ఇచ్చేసింది.

వెంటనే దిద్దలేదు.
మే పన్నెండు ఇంకా రాలేదు కదా.
అప్పటికి పడవలు వెళ్లిపోతాయి. మేకులు కడిగి గోడకి ఆనిస్తాం.
రాత్రి పదకొండుకీ దీపం అక్కర్లేదు.
ఎండిన చేపలు గాలికి
కట్టెల్లా ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తుంటాయి.
ఆ రోజుకి ఇంతవరకూ ఎవరూ ధర కట్టలేదు.

చుక్క చెరిపి కామా పెట్టాను.
ఇది రోజు కాదు, బరువు అని గడికి నచ్చజెప్పాను.
లక్షలు జారిపోయాయి. మూడువేల ఏడువందల ఇరవై.
వెడల్పు చేసిన వరస అలాగే ఉంది,
అన్న కోటు తొడుక్కున్న పిల్లాడిలా అందులో ఆ అంకె.

తలుపు దగ్గర ఐలెర్ట్, చేతులు చంకల్లో దాచుకుని.
"నాది ఎంత?"
నేను తెర వైపు తిరిగేలోపే వాడే అన్నాడు:
పన్నెండు అరవైలు ఏడువందల ఇరవై,
అరవైలో సగం ముప్పై.
ఏడువందల యాభై లెక్కపెట్టి ఇచ్చాను.
వాడు అక్కడే నిలబడి మళ్లీ లెక్కపెట్టుకున్నాడు,
ఉప్పు వేలు
నోటు నోటుకీ నాలుకకి తాకించి.