టాక్సు ఏరట

శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ కాడ
అద్దాల కాఫీ కొట్టు.
కొత్త కళ్ళజోడుతో మా గుంట బోర్డంతా సదివింది:
హాట్ చాక్లెట్, రెండొందల ఎనభై తొమ్మిది.
టాక్సు ఏరట.

నాను మా పలాస లెక్కలోకి మార్సుకున్నాను.
పద్నాలుగు కేజీల జీడిపప్పు పొట్టు.
రెండు రోజులు, ఇంకా కొంచెం.
"వద్దులే అమ్మా, సూడ్డానికే" అంది.
ఆ మాటకే కొనేసినాను.

కప్పు మీద రాయడానికట, కౌంటరు కుర్రోడు పేరడిగినాడు.
మా పైడితల్లి నా మొకం సూడకండా
"శ్రేయ" అంది.

నానేటీ అన్నేదు.

"శ్రేయా!" అని కేకేస్తే అది కదల్నేదు, మర్సిపోనాది.
నానే లెగిసి ఎల్లి అందుకున్నాను.
"కాలిపోతాదమ్మా" అంది ఎనకనించి.
జీడిసొన తినేసిన ఏళ్ళు గదా,
నాకు తెలీనేదు.