పంటు దాటని రీలు

నరసాపురంలో ఒక హాలు, సఖినేటిపల్లిలో ఒక హాలు,
రెండింటికీ కలిపి ఒకటే ప్రింటు.
మధ్యలో వశిష్ఠ.
వశిష్ఠ మీద పంటు, పంటు మీద సైకిలు,
సైకిలు కేరేజీ మీద రేకు పెట్టెల్లో
హీరోగారి రెండు జన్మలు.
తోలేవాడు కొల్లాటి అబ్బులు.

అవతల ఒడ్డున హీరో కొండ మీంచి పడేసరికి
ఇవతల మా తెర మీద ఇంకా పేర్లు పడుతుండేవి.
ఇక్కడ వాడు చచ్చే వేళకి
అక్కడ పుట్టి, మీసాలొచ్చి,
పాత ఇంటి తలుపు తడుతుండేవాడు.

నేను ఆపరేటర్ని.
కార్బన్ కడ్డీల వెలుగులో
వారానికి ఇరవై ఒక్క చావులు చూసినవాణ్ణి.
ఒక్కదానికీ ఏడవలేదు.
ఏడిస్తే ఫోకస్ పోతుంది.

"ఏది బరువురా, చావు పెట్టా, పుట్టుక పెట్టా?" అంటే
"రెండిటికీ చైను ఒకలాగే కిర్రుమంటదండి" అనేవాడు అబ్బులు.

ఆ శ్రావణం రాత్రి గాలి తిరగబడింది.
అవతలి రేవులో పంటు కట్టేశారు.
హీరో పడ్డాడు. ఇంటర్వెల్ వేశాను.
సోడాలయిపోయాయి, జీళ్ళయిపోయాయి,
ఇంటర్వెల్ మాత్రం అవలేదు.
నేల క్లాసులో ఈలలేసినవాళ్ళే ఇసకలో నిద్రపోయారు.
ఇదివరకు చూసినవాళ్ళు చెప్పడం మొదలెట్టారు:
"జమీందారు ఇంట పుడతాడు. భుజమ్మీద అదే మచ్చ."
ఆడవాళ్ళ బెంచీ మీంచి మల్లాడి సూరమ్మ లేచింది.
అంతర్వేది మొగలో కొడుకు పడవ తిరగబడి
అప్పటికి నాలుగేళ్ళు.
మెట్లెక్కొచ్చి నా గది గుమ్మంలో నిలబడి
"మళ్ళీ పుడతాడని నమ్మకమేనా బాబూ?" అంది.
"పెట్టె వస్తే పుడతాడమ్మా."
"రాకపోతే?"
మేనేజర్ని అడగమన్నాను.

తెల్లారేదాకా ఎవరికీ డబ్బులు వెనక్కివ్వలేదు.
ఆవిడ అడగనూ లేదు.
వెళ్తూ వెళ్తూ ఖాళీ తెర వైపు చూసి
"పోన్లే, పడుకోనీ" అంది.

హాలిప్పుడు కొబ్బరి గోడౌను.
తెర ఉన్న గోడకి కురిడీల గుట్ట.

సినిమాలో చావుకి ఒక పాటుంటుంది.
అందరికీ అన్నీ అప్పజెప్పాక గాని తల వాలదు.
అబ్బులు రేవు టికెట్ల వరసలో
సైకిలు హేండిల్ మీద తల ఆనించాడు.
కునుకనుకుని
వెనకవాళ్ళు బెల్లు కొట్టారు.

పెద్దకర్మ నాడు కాకి ముట్టలేదు.
"అప్పు తీర్చేస్తాం" అన్నాడు అల్లుడు. రాలేదు.
"సైకిలు అమ్మంలే" అన్నాడు తమ్ముడు. రాలేదు.
అప్పుడు తట్టింది నాకు.
పదహారేళ్ళు మోశాడు గాని
ఒక్క సినిమా మొదట్నుంచి చివరిదాకా చూడలేదు వాడు.
ఎప్పుడూ ఏదో ఒడ్డున, ఏదో సగం.

మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, గొంతు తగ్గించి,
కొండ మీంచి పడ్డ చోట ఎత్తుకుని
ఆఖరి రీలు దాకా చెప్పాను,
ఫైటుతో సహా.
పంతులుగారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు.

కాకి రాలేదు.
ఓ బక్క కుక్కొచ్చి ఆకంతా నాకి
తడి కాళ్ళతో పంటెక్కేసింది, టికెట్టు లేకుండా.

ఇలాంటివి నేను నమ్మనండి.
దాని భుజమ్మీద ఏమైనా ఉందేమో
చూద్దామనే అనుకున్నాను గాని,
పంటు అప్పటికే కదిలింది.