తరుగు పోను

ఐస్లాండు పడమటి కొనలో, మా రేవులో
ముప్పై ఎనిమిదేళ్లు కాటా దగ్గర నిలబడ్డదాన్ని.
సర్కారు ముద్ర ఉన్న తూకపు మనిషిని.
తొట్టె బరువు తీసెయ్యాలి, ఐసు బరువు తీసెయ్యాలి,
తరుగు పోను మిగిలిందే చేప.
పడవలవాళ్లు ఎంత బతిమాలినా
నా ముల్లు ఎవరి వైపూ మొగ్గలేదు.

ఇప్పుడీ వృద్ధుల నివాసంలో పద్నాలుగు రోజుల పరీక్ష.
నన్ను చూస్తున్నామనుకుంటున్నారు వాళ్లు.
నేను పాత తూకపు చీటీ వెనక్కి తిప్పి
పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను.

వెచ్చదనం. రాసుకున్నాను.
నడవాలో కూడా వట్టి కాళ్లతో తిరగొచ్చు.
మా ఇంట్లో వంటగది దాటితే ఊపిరి కంటికి కనబడేది.
ఇక్కడ వాకిట్లో మంచు ఎవరో తోసేస్తారు,
ఎప్పుడు తోస్తారో చప్పుడు కూడా వినపడదు.
అది బాగుందో లేదో తేలక
రెండు వైపులా రాశాను.

భోజనం పదకొండున్నరకి.
ఆ వేళకి ఆకలేసేది ఈ ఒడ్డున గొర్రెలకే.
శనివారం ఉప్పు చేప, దానికి వంక పెట్టను.
కానీ బంగాళాదుంపలు ఒలిచి వస్తాయి.
చాకు అడిగితే బోజెనా నవ్వింది,
పోలండు నుంచి వచ్చిన పిల్ల.
పదమూడేళ్లకే కాడ్ చేపల తలలు కోసినదాన్ని నేను,
దానికెలా తెలుస్తుంది.

బోజెనా తలుపు తట్టే వస్తుంది. మంచిదే.
తట్టడానికీ తెరవడానికీ మధ్య మాత్రం
"రా" అనే మాట పట్టేంత సందు ఉండదు.
ఆ సందు బరువెంతో
ఇన్నేళ్లలో ఒక్కసారీ తూచలేదు.

సూర్యుడు. ఇది పెద్ద అంకె.
నవంబరులో కొండ వెనక్కి జారుకున్నవాడు
మా వీధికి ఫిబ్రవరి మూడున గాని రాడు,
ఇక్కడి భోజనశాల కిటికీలోకి
జనవరి ఇరవై ఐదుకే వస్తాడట.
తొమ్మిది రోజులు!
డెబ్బై తొమ్మిదేళ్ల మనిషికి తొమ్మిది రోజుల ఎండ
కిలో ఎంతో ఏ రేవులోనైనా అడగండి.
ఆ రోజు పల్చటి అట్లు పోసి
జామూ మీగడా పెట్టి మడుస్తారట.
"ఎవరు పోస్తారు?"
"వంటవాళ్లు."
తొమ్మిదిని ఏడు చేశాను.

బల్ల దగ్గర ఎదురు కుర్చీ ఎంగిల్బెర్ట్‌ది.
చెప్పిందే చెబుతాడు, మునిగిన పడవ సంగతి.
ఒకరోజు నలుగురు బతుకుతారు, ఒకరోజు ఐదుగురు.
మొదట్లో విసుగు కింద రాశాను.
బుధవారం ఆరుగురూ బతికి ఒడ్డుకొచ్చారు.
చెరిపేశాను.

పక్క గదిలో ఓడ్నీ.
పగలు మేం పలకరించుకోం.
నలభై కిలోల చేప నేను మింగానని
వాళ్లన్న ఒకప్పుడు ఊరంతా చాటాడు.
నిద్ర పట్టని రాత్రి మాత్రం
గోడ మీద రెండుసార్లు తడుతుంది.
నేను రెండుసార్లు తడతాను. అంతే.
ఈ నివాసం వాళ్ల ధరల పట్టికలో లేని కొసరు.

పదమూడో రాత్రి గోడ పలకలేదు.
ఒంటిగంట. రెండు.
చెప్పులు వెతుక్కోకుండా వెళ్లాను,
తట్టాను, ఆగలేదు, తెరిచాను.
పళ్లు గ్లాసులో,
నోరు తెరుచుకుని గురక పెడుతోంది.
చచ్చేంత కోపం వచ్చింది.
ఎనభై వస్తుండగా
పోగొట్టుకోవడానికి మళ్లీ ఒక మనిషి.
దీన్ని ఏ వైపు రాయను?

పొద్దున డైరెక్టరమ్మ కాగితాలతో వచ్చింది.
సంతకం ఎక్కడో వేలితో చూపించింది.
గాలి వీస్తున్నప్పుడు తొట్టె ఊగుతుంది,
ముల్లు ఆగేదాకా తూకం చెప్పకూడదు.
"రేపు రండి" అన్నాను.
"మీ గడువు ఇవాళ్టితో సరి కదా, స్టేన్వోర్."
"తెలుసు.
వెళ్తూ వెళ్తూ వంటింట్లో చెప్పండి,
చాకు ఒకటి పంపమని."