రోడ్డు మట్టం

మా ఇంటికి నాలుగు మెట్లుండేవి.
ఇప్పుడొకటే.
ఇల్లు కుంగలేదు, కదల్లేదు.
ఎలక్షనొచ్చినప్పుడల్లా బ్రాడీపేటలో
పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పోసి పోయారు.
మొదటి మెట్టు తారు కిందకి,
రెండోదీ మూడోదీ సిమెంటు కిందకి.
మొన్న శ్రావణంలో వాన
చెప్పులైనా విడవకుండా వరండాలోకొచ్చి కూచుంది.

ఇక లాభం లేదు, ముందువైపైనా
బాగుచేయిద్దామన్నారు మా ఆయన.

ఏసుపాదం మేస్త్రి రోడ్డుకి అవతల
ఇడ్లీ బండి పక్కన నిలబడి
ఒక కన్ను మూసి చూశాడు ఇంటిని.
నలభై రెండేళ్లు లోపలే తిరిగినదాన్ని,
నేనెప్పుడూ అంత దూరం నించి
అంతసేపు దాన్ని చూడలేదు.
"ఎలివేషన్ పాతబడిందమ్మా" అన్నాడు
పళ్ల డాక్టరు గొంతుతో.

అతను వేలు పెట్టి చూపిస్తుంటే ఒక్కోటీ బయటపడింది.
పిట్టగోడ మీద సిమెంటు హంసల్లో ఒకదానికి మెడ లేదు.
సన్‌షేడు కింద చువ్వ తుప్పుపట్టి ఉబ్బింది.
గుమ్మం పక్కన మూడు ఇంటి నంబర్లు,
ఏదీ ఇప్పటిది కాదు.
వరండా గ్రిల్లులో సగం సూర్యుడు, పదకొండు కిరణాలు.
పన్నెండోది వెల్డింగువాడు ఎగ్గొట్టాడని
మా ఆయన ఇప్పటికీ సణుగుతారు.

మస్తాన్ వలీ పట్టీతో గోకితే
లేత నీలం కింద గులాబీ,
గులాబీ కింద పసుపు సున్నం.
నీలం, చీటీ డబ్బులు చేతికొచ్చిన ఏడాదిది.
గులాబీ మా మరిది పెళ్లికి.
సున్నం, అప్పుతో ఇల్లు కట్టి
రంగుకి మిగలక.
"గోడకంటే రంగే మందంగా ఉందమ్మా" అన్నాడు
మీసాల మీద మూడు కాలాల పొడితో.

మా అమ్మాయి హేమనళిని కార్డు తిరగేసి
బూడిద రంగు ఎంచింది. ఇప్పుడందరూ అదేనట.
నేను చిలకపచ్చ అన్నాను.
ఎవరూ వినలేదు.

గ్రిల్లు పాతినప కొట్లో నలభై ఒక్క కిలో తూగింది.
సూర్యుడికి విడిగా రేటేం కట్టలేదు.

ర్యాంపు కోసం తవ్విన రోజు
మోకాటి లోతు గోతిలో
మూడు మెట్లూ వరసగా ఉన్నాయి,
ఎర్రగచ్చు ఎర్రగానే.
అడుగు మెట్టు మీద నాలుగు కోడి కాళ్ల అచ్చులు.
గృహప్రవేశం మర్నాడు విందుకని తెచ్చి కట్టేస్తే
తాడు తెంపుకుని తడి గచ్చు మీద పరిగెత్తింది.
మధ్యాహ్నానికి కూరయింది.
ఆ పరుగు మాత్రం ఇంకా అక్కడే ఉంది.

మేస్త్రి టీకెళ్లగానే
కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దిగాను.
నా కాళ్లు ఆనాటి కంకర మీద,
ఇప్పటి రోడ్డు నా మోకాళ్ల దగ్గర.
తలెత్తి చూస్తే
ఇల్లు మళ్లీ ఎత్తుగా ఉంది.
కొత్తగా కట్టినప్పుడు
ఎవరైనా వస్తే చూడాలని
ఊరికే గేటు దగ్గర నిలబడేదాన్నే, అంత ఎత్తు.
స్కూటరాపి ఎవరో అబ్బాయి అడిగాడు,
"ఏం పడిపోయిందండీ, ఉంగరమా?"
"కాదు, మెట్లు" అన్నాను.
నన్నూ గోతినీ చూసి, మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

సాయంత్రానికి కాంక్రీటు పోసేశారు.
పైన గీతల టైళ్లు. నీళ్లిక రావు.
మెడ లేని హంసని మాత్రం
నీళ్లట్యాంకు వెనక దాచాను. హేమకి తెలీదు.

ఇల్లిప్పుడు నున్నగా, బూడిదగా ఉంది.
ఎదురింటి రత్తమ్మ గేటు పట్టుకుని
"ప్రైమరు బాగానే ఆరిందొదినా,
రంగెప్పుడేయిస్తారు?" అంది.

ఇవాళ గ్యాసు కుర్రాడు ఫోన్ చేశాడు.
"సూర్యుడి గ్రిల్లు ఇల్లని రాసుందమ్మా,
లైనంతా తిరిగాను, కనపడ్లా."
"బూడిద రంగు ఇల్లు బాబూ."
"అన్నీ బూడిద రంగువేనమ్మా!"
సరే, ఉండమని చెప్పి
మెట్టు దిగే పనేం లేకుండానే
రోడ్డు మీదకొచ్చి
చెయ్యెత్తి నిలబడ్డాను.