తప్పనిసరి గడి

పుంతా అరేనాస్‌లో గాలికి సెలవుండదు.
మనుషులు పట్టుకు నడవడానికి
వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు.
జైలు ఆఫీసు రేకుల కప్పు కింద
నేనొక ఫారం కడుతున్నాను.

క్యాలెండర్‌తో పాటు వచ్చే అపాయింట్‌మెంట్ ఫారం
ఊరందరికీ ఒకే కొలతతో కుట్టిన చొక్కా.
విషయం, చోటు, మొదలు, ముగింపు,
పదిహేను నిమిషాల ముందు మోగే ఒక గంట.
దాన్ని కుట్లు విప్పి
ములాఖత్‌కి సరిపడా తిరిగి కుట్టమన్నారు.

చోటు తీసేశాను. ఇక్కడున్న చోటు ఒక్కటే.
ఖైదీ నంబరు పెట్టాను. ఆరంకెలు. ఏడోది నొక్కినా పడదు.
ముగింపు, మొదలు కన్నా ముందొస్తే
తెర ఎర్రగా కసురుతుంది.
సంబంధం దగ్గర కిందికి జారే జాబితా:
తల్లి, తండ్రి, భార్య, బిడ్డ,
తోబుట్టువు, లాయరు, పాదిరీ.
ఖాళీగా వదిలేస్తే సేవ్ కాదు.
దానికి రాసింది నాలుగు లైన్లే గానీ
రాసిన పూట కాస్త ఈల కూడా వేశాను.

"ఇతరులు అని ఒకటి పెట్టు యెర్కో,"
అంది కౌంటర్లో కూచునే ఎదువీనా.
పెడితే అందరూ అదే నొక్కుతారన్నాను.
ఆమె మాటాడలేదు,
మాతే గిన్నె నాకేసి జరిపింది.
ఇరవై రెండేళ్ళుగా ఈ కిటికీ వెనక
ఆమె వాదించే పద్ధతి అది.

బుధవారం, నిజం మనుషులతో మొదటి పరీక్ష.
ఒక లాయరు సేవ్ అయ్యాడు.
ఒక చెల్లెలు సేవ్ అయింది.
పదకొండు దాటాక ఎర్మెలిందా బర్రియా వచ్చింది,
చిలోయే దీవి నుంచి, ముప్పై గంటల బస్సు.
కోటు నిండా తడి ఉన్ని వాసన.
చేతిలో సంచి లేదు.
సంచి లేకుండా ములాఖత్‌కి ఎవరూ రారు ఇక్కడికి.

నంబరు చెప్పింది. కాయితం చూడకుండా, ఆరంకెలూ.
"అతనికి మీరేమవుతారు?"
"అతను నా కొడుకుని చంపాడు."

గాలి కప్పుని ఒకసారి ఎత్తి దింపింది.
సంబంధం గడిలో కర్సరు
కొట్టుకుంటూనే ఉంది.

జాబితాని పైకీ కిందికీ నడిపాను.
తల్లి. అబద్ధం కాదు, తల్లే.
ఎవరికి అని గడి అడగదు.
నేనే అడగనివ్వలేదు.

"ఏ పేరు కింద రాసుకున్నా సరే నాయనా," అంది.
"పదకొండేళ్ళకి ఉత్తరం రాశాడు.
జవాబు రాద్దామని కూచున్నాను, రాలేదు.
చివర్లో మావాడు ఏమన్నా అన్నాడా అని
ఒక్క మాట అడగాలి."

ఫారం వెనక్కి వెళ్ళాను.
ఆ నాలుగు లైన్లకీ ముందు
చీమ తల కాయంత గీత, ఒక్కోటి పెట్టాను.
గీత ఉన్న లైనుని యంత్రం చదవదు,
దారిలో తెలిసిన మనిషి ఎదురైనా
తల దించుకుపోయినట్టు దాటిపోతుంది.
మళ్ళీ ప్రచురించాను.
కౌంటర్లో పాత కంప్యూటరుకి మాత్రం
ఇంకా పాత ఫారమే గుర్తుంది, మళ్ళీ కసిరింది.
అంతా మూసి తెరవాల్సొచ్చింది.
అంతసేపూ ఆవిడ నిలబడే ఉంది.
కుర్చీ చూపిస్తే, బస్సులో కూచునే వచ్చానంది.

సేవ్.
పదకొండున్నర దగ్గర నీలం ముక్క ఒకటి పడింది,
అందరి ముక్కల్లాగే.

మధ్యాహ్నం ఎదువీనా వాస్తవ ముగింపు నింపింది.
11:34.
అడిగిందో లేదో, అతనేం చెప్పాడో
రాసే గడి ఏదీ నేను పెట్టలేదు.

బిల్లులో ఈ మార్పుకి అరగంట వేశాను.
తర్వాత కొట్టేశాను.
బయట తాడు పట్టుకుని కొందరు
ఒకరి వెనక ఒకరు వంగి నడుస్తున్నారు.
వాళ్ళలో ఆవిడ ఉందేమో కనబడలేదు.

"ఇప్పుడైనా పెడతావా, ఇతరులు?"
అంది ఎదువీనా, గిన్నెలో వేన్నీళ్ళు వంపుతూ.

వద్దన్నాను.
ఖాళీగానే ఉండనీ.