తలపిన్ను

కొవ్వొత్తి వెలిగించమన్నాడు ఏజెంటు బ్రెండన్ కూట్స్,
వనిల్లా వాసనది, పాత ఇంటి కంపు కొట్టకుండా.
"వాళ్లు అడగనిది మీరు చెప్పకండి మిస్ రాట్రే,
పైకప్పు లోపలికి ఎవరు తొంగిచూస్తారు?"
నాకు డెబ్బై ఒకటి. ఇంటికి నాకన్నా పదమూడేళ్లు ఎక్కువ.
నిజమే,
మా ఇద్దరి లోపలికీ ఇంతవరకు ఎవరూ తొంగిచూడలేదు.

పోర్ట్ చామర్స్ కొండమీద, రేవు క్రేన్లకు ఎదురుగా.
దక్షిణపు గాలి లేచిందంటే
వెనకగదిలో బల్బు కళ్లు చికిలించేది.
"మీ తాత వచ్చాడు" అనేది అమ్మ.
మేం నలుగురం దుప్పట్లోంచే
ఆయనకు గుడ్ నైట్ చెప్పేవాళ్లం.
ఒక లూజు కనెక్షనుకి
ఇన్నేళ్లు పెద్దల మర్యాద చేశాం.

కొవ్వొత్తి ఆర్పేసి ఎలక్ట్రీషియన్ని పిలిచాను.
నైరీ తామతేయ అట, పాతికేళ్లుంటాయేమో.
నిచ్చెనెక్కి కప్పు కన్నంలో నడుముదాకా మాయమైంది,
కాసేపు రెండు బూట్లే మా ఇంట్లో ఉన్నాయి.
తర్వాత ఒక చెయ్యి కిందికి దిగింది,
అరచేతిలో నల్లటి పొడి,
మాడిన అప్పడం నలిపినట్టు.

"వైరుకి చుట్టిన రబ్బరు ఇది.
కదపనంతకాలం అతుక్కునే ఉంటుంది.
చెయ్యి తగిలితే రాలుతుంది.
మీరెవరూ ముట్టుకోలేదు కనక ఇల్లు నిలబడింది."

నేను నవ్వాను. ఎందుకో ఆ పిల్లకు తెలీదు.
మా ఇంట్లో ముట్టుకోనివి వైర్లొక్కటే కాదు మరి.

మెయిన్ పెట్టె తెరిచింది.
నాలుగు పింగాణీ ఫ్యూజులు, పాలపళ్లలా.
మూడోది ఊడబీకి, వెలుతురులో పెట్టి
చాలాసేపు మాట్లాడలేదు.
సన్నతీగ ఉండాల్సినచోట
అమ్మ తలపిన్ను.

నాకప్పుడు తొమ్మిదేళ్లు.
నాన్న తాగొచ్చిన రాత్రి, పొయ్యి చల్లారింది, ఇల్లంతా చీకటి.
టార్చి కాంతిలో నాన్న చెయ్యి
అమ్మ ముఖం వైపైనా చూడకుండా
ముడిలోంచి పిన్ను లాగేసింది.
జుట్టు భుజం మీద పడింది.
దీపాలొచ్చాయి. "చూశావా" అన్నాడు.
ఒక చేత్తో జుట్టు పట్టుకుని
రెండో చేత్తో మటన్ వడ్డించింది అమ్మ.
మళ్లీ ఎప్పుడూ ఆ ఫ్యూజు పోలేదు.

"పోవాలి కదా" అంది నైరీ.
"బరువెక్కువైతే ముందు తను తెగిపోవడమే దాని పని.
ఈ పిన్ను తెగదు. ఎంతైనా మోస్తుంది.
కాలితే గోడలే కాలాలి."

ఎంత ఓపిక మీ అమ్మకి, అనేవాళ్లు చర్చిలో.

కాగితం మీద నా చేతిరాతతోనే రాశాను:
వైరింగు మొత్తం మార్చాలి, ఇరవై ఎనిమిది వేల డాలర్లు.
బ్రెండన్ ఆ కాగితాన్ని జబ్బుపిల్లిలా పట్టుకున్నాడు.
మొదటి జంట ఫోనే చెయ్యలేదు.
రెండోవాళ్లకు ఇన్సూరెన్సువాడు కుదరదన్నాడట.

మూడోవాళ్లు సెమిసి, ఆనా.
అతను రేవులో కంటైనర్లు కట్టే పని, ఆమె చంకలో ఏడాది పిల్ల.
నిచ్చెన నేనే పట్టుకున్నాను, టార్చి నేనే ఇచ్చాను.
దిగి, చేతులు దులుపుకుని అడిగాడు:
"ఇంకేమైనా ఉందా?"
"వానాకాలం లాండ్రీ తలుపు ఉబ్బుతుంది.
వెనకగదిలో మా తాత ఉంటాడు."
ఆనా పకపకా నవ్వింది. పిల్ల కూడా, అమ్మను చూసి.

ముప్పైవేలు తగ్గించమన్నారు.
ఇరవై ఎనిమిది దగ్గర ఆగమని బ్రెండన్ సైగలు.
ముప్పయ్యే ఇచ్చాను.
ఆ పై రెండువేలు తాత బాడుగ అనుకోండి.

ఆఖరిరోజు మెయిన్ నేనే దించాను.
ఫ్రిజ్ ఒక్కసారి వెక్కి ఊరుకుంది.
బస్టాపులో సంచి వెతికి పిన్ను తీశాను,
నడుమ నల్లబడి, కాళ్లు వంకరపోయి.
నా జుట్టు పొట్టిది, అయినా పెట్టుకున్నాను.
జారిపోయింది.
మళ్లీ పెట్టాను.
బస్సొచ్చేసింది.