ఎంతొచ్చింది

బెజవాడ ఆటోనగర్‌లో, నాలుగో రోడ్డు చివర
మా కాటా రాత్రంతా మెలకువగా ఉంటుంది.
లోడు బండి ఎక్కితే ఎర్ర అంకెలు కాసేపు తడబడి
ఒక చోట ఆగుతాయి.
అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే
మిగిలిందే సరుకు.
పద్నాలుగేళ్ళుగా నేను చేస్తున్నది ఆ ఒక్క తీసివేతే.

ఇక్కడ పాత చీటీ చెల్లదు.
నిన్ననేగా సారూ తూచింది, అని డ్రైవరు బతిమాలినా
ఖాళీ బండిని మళ్ళీ ఎక్కించాల్సిందే.
స్టెప్నీ దించి ఉండొచ్చు,
ట్యాంకులో డీజిలు నిండి ఉండొచ్చు,
నిన్నటి బండి ఇవాళ్టి బండి కాదు.

అలాంటి నేను
పదిహేడేళ్ళ నాటి మార్కుల మెమోలు పట్టుకుని
ఇవి తూచి చూడండి అని
ఎప్పుడూ కళ్ళతో చూడని యూనివర్సిటీకి పంపాను.

ముందు అవి దొరకాలి కదా.
గుంటూరు అవతల మా ఇంజినీరింగ్ కాలేజీ
ఇప్పుడు మిర్చి గోడౌన్.
మెకానిక్స్ చెప్పిన గదిలో టిక్కీలు,
గేటు దగ్గరే మూడు తుమ్ములు.
రిటైరైన సూపరింటెండెంట్ పిచ్చేశ్వరరావు గారు
రిజిస్టర్లన్నీ ఇంట్లో బియ్యం డ్రమ్ము వెనక దాచారు.
మూడో సంవత్సరం పేజీ తీసి
నా పేరు మీద వేలు పెట్టి
"ఫీజు కట్టకుండా మాయమైన జకరయ్యవి నువ్వేనా" అన్నారు.
నేనే సార్.
బాకీ మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.
స్టాంపు ప్యాడ్ ఎండిపోతే రెండు చుక్కలు నీళ్ళు చల్లి
గట్టిగా ఒత్తి ముద్ర కొట్టారు.

జవాబొచ్చింది నెలన్నరకి.
డెబ్భై నాలుగు క్రెడిట్లు అడిగితే యాభై ఎనిమిది ఇచ్చారు.
ఫిజిక్సు వచ్చింది. లెక్కల పేపర్లు మూడూ వచ్చాయి.
సి లాంగ్వేజీ వచ్చింది,
మోడరేషన్‌లో గట్టెక్కిన పేపరు,
పాయింటరంటే ఏంటో తెలియకుండా రాసింది,
నాలుగు క్రెడిట్లకి నిండుగా తూగింది!
ఇంజినీరింగ్ డ్రాయింగ్ తూగలేదు.
హాస్టలు వరండాలో ట్యూబ్‌లైటు కింద వంగి వంగి
ఒక్క గీత మీద పెన్సిలు రెండోసారి పోకుండా గీసిన షీట్లు,
తొంభై ఒకటి వచ్చిన పేపరు.
దాని ఎదురుగా: సమానమైన కోర్సు లేదు.
పద్నాలుగేళ్ళ కాటాకైతే
ఆ ఫారంలో అసలు గడే లేదు.

మిగిలినవన్నీ బండికీ బండికీ మధ్య చదివాను.
ముందొచ్చింది ముందు పోవాలి, అది క్యూ, అని పాఠం.
బయట పదకొండు లారీలు.
ఇంతలో ఓనరు ఫోను: మనవాళ్ళ బండి ముందు పంపు.
దానికీ పుస్తకంలో ఒక పేరుందని
తర్వాతి వారం తెలిసింది.

పరీక్షప్పుడు కెమెరా తల తిప్పొద్దంటుంది.
వెనక టార్పాలిన్లు పెట్టే గదిలో కూర్చున్నాను.
ఎయిర్ హారన్‌కి గోడ అదిరినా కళ్ళు కదపలేదు.
ఆ మూడు గంటలూ సలోమి కాటా చూసింది.
ఒక్క చీటీ తప్పు పోలేదు.

ఆఖరి ఫలితం మొన్న తెల్లవారుజామున
మూడూ నలభైకి తెరుచుకుంది.
అప్పుడే ఇనప కడ్డీల లారీ కాటా ఎక్కింది.
డ్రైవరు కిటికీలోకి వంగి
"ఎంతొచ్చింది సారూ?" అన్నాడు.

ఎనిమిది పాయింట్ ఒకటి.

అతని మొహంలో నెత్తురు లేదు.
"ఖాళీ బండే తొమ్మిదిన్నర టన్నులుంటది కదా సారూ,
కాటా పాడైందా?"

లేదు లేదని, కళ్ళు తుడుచుకుని
ఎర్ర అంకెలు చదివాను.
ఇరవై ఆరు వేల ఏడొందల ఎనభై.
ఈసారి నా మాట నమ్మలేదతను.
దిగొచ్చి తనే చూసుకుని
చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని
బండి దాకా పోయి, మళ్ళీ వెనక్కి తిరిగి
"ఇంతకీ ఆ ఎనిమిది ఎవరిది సారూ?"